గొంతు వెనకబడి వినిపిస్తోందా? బఫర్ చూడండి

ల్యాప్‌టాప్‌లో పాట రికార్డు చేసేవారికి ఒక మాట. హెడ్‌ఫోన్లలో మీ గొంతు మీకే కాస్త ఆలస్యంగా వినిపించి తాళం జారిపోతోందా? మైకునో, మీ సాధననో అనుమానించకండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో బఫర్ సైజు, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే ధ్వని తునకల (శాంపిళ్ల) సంఖ్య, ఎంత ఉందో చూడండి.

అది 1024 ఉంటే, 48,000 శాంపిల్ రేటు (సెకనుకు అన్ని శాంపిళ్లు) దగ్గర ఒక్క బఫర్ నిండడానికే 21 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపితే 40 దాటుతుంది. రెండో కాలంలో స్వరకల్పన పాడేవారికి అది నరకమే. 128కి దించండి, ఒక్కో వైపు 3 మిల్లీసెకన్ల లోపే. మధ్యలో చిటపటలు వస్తే 256 పెట్టుకోండి. పాడడం అయ్యాక, మిక్సింగ్ వేళకు మళ్లీ 1024 చేసుకోవచ్చు. విండోస్ వాడేవారు ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టెతో) వచ్చే, ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్‌నే ఎంచుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం వద్దే వద్దు. వాటి సొంత ఆలస్యాన్ని బఫర్ తగ్గించి పోగొట్టలేం.

ఇంకొకటి. వీణకు పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) తగిలించి రికార్డు చేస్తుంటే మంద్రస్థాయి తీగ కింద గుయ్‌మని ఒకటే రొద. రెండు రోజులు కేబుళ్లు మార్చి మార్చి చూశాను. చివరికి ఛార్జర్ పిన్ను లాగగానే ఠక్కున ఆగిపోయింది! అప్పటినుంచి బ్యాటరీ నిండుగా పెట్టుకుని, ఛార్జర్ తీసేశాకే శ్రుతి చేసుకుంటున్నాను. బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి, కాబట్టి పవర్ సెట్టింగుల్లో పూర్తి పనితీరు ఎంచుకోవడం మరవకండి.