రైతుభరోసా ఎవరికి అందిందో సమాచార హక్కుతో అడగడం ఎలా?

నల్లగొండ జిల్లాలో పంట పెట్టుబడికి ఎకరం లెక్కన ప్రభుత్వం ఇచ్చే రైతుభరోసా, దానికి ముందున్న రైతుబంధు జాబితాల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టేవారికి ఏళ్లుగా తోడుంటున్నాను. ప్రతిసారీ పని చెడేది ఒకే చోట, అడిగే తీరులో.

ఏ4 తెల్ల కాగితం, నల్ల సిరా పెన్ను, అయిదు రూపాయల కోర్టు ఫీజు స్టాంపు తెచ్చుకోండి. మండల స్థాయి కార్యాలయానికి రుసుము అంతే. చేత్తోనే రాయడం మేలు. టైపు చేసిన కాగితం కనబడితే వెనుక ఎవరున్నారని ఆరాలు మొదలవుతాయి. పైన ‘పౌర సమాచార అధికారి, మండల వ్యవసాయాధికారి కార్యాలయం’ అని, కింద మీ పేరు, చిరునామా రాయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదు. పీఎం కిసాన్ జాబితా ఊరివారీగా ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, దానికి దరఖాస్తు దండగ.

ఇక అసలు పని. ‘సాగు లేని గుట్టకు డబ్బులు ఎందుకు ఇచ్చారు?’ అని రాయకండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇప్పించేది దస్త్రంలో ఉన్న సమాచారాన్ని. సంజాయిషీ అడిగితే ‘మీరు కోరినది సమాచారం కిందికి రాదు’ అని ఒక్క వాక్యం వస్తుంది, నెల రోజులు పోతాయి. ఇలా రాయండి: ‘మా గ్రామంలో 2024-25 యాసంగికి రైతుభరోసా పొందిన పట్టాదారుల పేర్లు, సర్వే నంబర్లు, విస్తీర్ణం, జమైన మొత్తం, జమైన తేదీ ఉన్న జాబితా నకలు ఇవ్వగలరు.’

ఒక ఊరు, ఒక పంటకాలం, అంతే. మండలం మొత్తం అడిగారా, అది ఎప్పటికీ తేలదు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అడగనే కూడదు. అవి ఎవరి సొంతం వారివి. పైగా ఆ ఒక్క మాట చూపించి మొత్తం దరఖాస్తును తోసిపుచ్చుతారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చాక ‘వ్యక్తిగత సమాచారం’ అని ఇవ్వకపోవడం మరీ తేలికైంది. అందుకే సబ్సిడీ లబ్ధిదారుల వివరాలను అడగకముందే బయటపెట్టాలన్న అదే చట్టంలోని 4(1)(బి)(12)ను, ప్రజాప్రయోజనం మిన్న అయితే ఇవ్వవచ్చన్న 8(2)ను దరఖాస్తులోనే రాయండి. అప్పీలులో చూసుకుందాం అనుకోవద్దు.

గ్రామసభలో అడిగితే చాలదా అంటారు. 2025 జనవరి సభల్లో గొంతు పోయేలా అడిగినవారిని చూశాను. అక్కడ అడిగినదానికి రసీదు ఉండదు, గడువూ ఉండదు.

స్వయంగా ఇచ్చి, రెండో ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు. నకలుకు పేజీకి రెండు రూపాయలు.

జాబితా వచ్చాక పహాణీ (ఊరి భూముల రికార్డు) పక్కన పెట్టుకుని, సర్వే నంబర్లు పైకి చదవండి. దేవరకొండ వైపు ఒక ఊళ్లో పాత రైతుబంధు జాబితాను అలాగే చదివాం. ఒక వరుసలో మూడెకరాల ఇరవై గుంటలు, 17,500 రూపాయలు. ‘అది రాళ్ల గుట్ట కదా, మేకలు తప్ప ఏమీ ఎక్కవు’ అన్నాడు ఒక పెద్దాయన. ఆ గుట్ట కిందే కౌలుకు పత్తి వేసిన రైతు మా మధ్యే కూర్చున్నాడు. పథకం పట్టాదారులకే గనుక అతని పేరు ఏ పేజీలోనూ లేదు. ఆ వరుస కింద ఎర్ర గీత గీసి, ఆ సర్వే నంబరుతో ఆ రాత్రే ఫిర్యాదు రాశాం.