తుఫాన్ల నెలల్లో కడుపుతో ఉన్న భార్యకు నడుము ఒత్తే ముందు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నాకు ఏడో నెల. గాలి హోరుకి నిద్ర లేదు, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో మా ఆయన నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాసి మెల్లగా ఒత్తేవారు. "ఏం కాదులే" అని ఒక్కసారీ అనలేదు. "దేనికి భయంగా ఉందో చెప్పు" అనేవారు. చెప్తూ ఉంటే గుండెలో బరువు దిగేది. మళ్లీ అక్టోబర్ వస్తోంది. ఇంట్లో గర్భిణి ఉన్న మన శ్రీకాకుళం జిల్లా తమ్ముళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

బీపీ ఉన్నా, రక్తం కనిపించినా, మాయ కిందికి ఉందన్నా, నెలలు నిండకుండా నొప్పులు వస్తాయేమోనని హెచ్చరించినా, డాక్టర్ని అడగకుండా చెయ్యి వేయొద్దు.

అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకోబెట్టి ఒత్తకండి. పెరిగిన గర్భసంచి వెనకున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కేస్తే కళ్లు తిరుగుతాయి. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు, పొట్ట కింద మడతపెట్టిన పాత చీర పెట్టండి. మెడ, భుజాలు, నడుము అరచేత్తో ఒత్తాలి, వెన్నెముక మీద మాత్రం బరువు వేయకూడదు. పది పదిహేను నిమిషాలు చాలు. ఆమె "ఆపు" అంటే వెంటనే ఆపేయండి, అలగకండి.

పొట్ట జోలికి మాత్రం వెళ్లొద్దు. బిడ్డ అడ్డం తిరిగిందని కడుపు సవరిస్తామని ఎవరైనా వస్తే, పెద్దవాళ్లు చెప్పినా సరే, ఒప్పుకోకండి. అడ్డంగా ఉందో లేదో స్కానింగ్‌లో తెలుస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది పిక్కల సంగతి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఒక్క కాలే వాచి, ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటే తిమ్మిరి అనుకుని పిసకొద్దు. లోపలి గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు కనిపించినా అంతే. మందుల షాపులో దొరికే నొప్పి జెల్ కూడా అడగకుండా రాయొద్దు.

చెన్నైలోనో, గుజరాత్ పడవల మీదో ఉన్నారా? ఆమె కన్నవారింట్లో ఉందా? పాదాలు ఒత్తే పద్ధతి వాళ్ల అమ్మకు చెప్పి, మీరు రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు వస్తుందో తెలిసిన ఫోన్ కోసం ఎదురుచూడటంలో టెన్షన్ ఉండదు. రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, ఊరికే ఏడుస్తున్నా అది గారాబం కాదు. ఊళ్లోకి వచ్చే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకి చెప్పండి, లేదా మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలని ఉందని అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తిత్లీకి కొబ్బరి చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. 108 వచ్చే దారి కూడా మూసుకుపోవచ్చు. అందుకే నెలలు నిండితే, తుఫాను హెచ్చరిక రాగానే ఆస్పత్రి ఉన్న ఊరికి చేరిపోండి. స్కానింగ్ రిపోర్టులు, మందులు, టార్చిలైటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇప్పుడే సంచి సర్దండి. అది తలుపు పక్కన ఉందని ఆమెకు చూపించండి.