ట్రోమ్సో వీధుల్లో జారకుండా నడిచిన విధం: నా అనుభవం

చలికాలంలో ట్రోమ్సో వెళ్లేవాళ్లు చలికే భయపడతారు. అసలు ఇబ్బంది నేలతో. ఈ నార్వే నగరం ఆర్కిటిక్ వలయానికి దాదాపు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఉష్ణోగ్రత తరచూ సున్నా చుట్టూ ఊగిసలాడుతుంది. పగలు వానకు కరిగిన మంచు రాత్రికి గడ్డకడుతుంది. (పగలు అన్నది మాటవరసకే. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు అక్కడ సూర్యుడు ఉదయించడు.)

మా బస నుంచి రేవుకు దిగే వీధి అద్దంలా ఉండేది. ఖరీదైన మంచు బూట్లున్నా కాలు నిలవలేదు. వాటి లోతైన గాళ్లు మెత్తటి మంచును పట్టుకుంటాయి గానీ, తడి మంచుగడ్డ మీద దండగ. పక్కనే ఒక పెద్దావిడ రెండు చేతుల్లో సంచులతో చకచకా దిగిపోతుంటే ఆవిడ కాళ్లకేసి చూశాను. బూట్ల మీద తొడిగిన రబ్బరు పట్టీ, అడుగున పొట్టి ఉక్కు మేకులు! వాటిని అక్కడ బ్రొడ్డర్ అంటారు. వెంటనే ఒక జత కొన్నాను.

చలికి రబ్బరు బిగుసుకుంటుంది కాబట్టి గదిలోనే తొడుక్కోవాలి. ముందు మునివేళ్ల వైపు తగిలించి, తర్వాత మడమ మీదికి లాగాలి. దుకాణాల గుమ్మం దగ్గర మాత్రం విప్పేయాలి, నున్నటి పలకల మీద ఆ మేకులే జారుస్తాయి.

వాటితోనే కిలోమీటరు పైచిలుకు పొడవున్న వంతెన దాటి, 1965 నాటి ఆర్కిటిక్ కెథెడ్రల్ అనే చర్చి దాకా నడిచాను. వంతెన మీది గాలికి మాత్రం చెవులు కప్పే టోపీ ఉండాల్సిందే.