చలికాలం ట్రౌట్‌కి వెళ్తున్నారా? ముందు జిప్పులకి తాడు కట్టుకోండి

డెన్వర్ చుట్టుపక్కల ఉంటూ, ఎండాకాలంలో రెండు మూడుసార్లు ఫ్లై రాడ్ (పురుగులా కనిపించే ఎర, అంటే ఫ్లై, కట్టి చేపలు పట్టే కర్ర) పట్టుకుని, ఇప్పుడు "చలికాలం కూడా డెక్కర్స్ (సౌత్ ప్లాట్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు) దగ్గర ట్రౌట్ చేపలు పడతాయటగా" అని అడుగుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. పడతాయి. చీజ్‌మన్ డ్యామ్ లోతుల్లోంచి వచ్చే నీళ్ళు సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి, బయట మైనస్ 10 ఉన్నా డ్యామ్ కింద కొంత దూరం సౌత్ ప్లాట్ నది గడ్డకట్టదు. చేపకి ఆ 4 డిగ్రీలు చాలు. మనిషి అందులో పడితే మాత్రం నిమిషాల్లో చేతులు పడిపోతాయి. అందుకే ఏ ఫ్లై కట్టాలి అని అడిగే ముందు, పడితే ఎలా బయటికి రావాలో తేల్చుకోండి.

చన్నీళ్ళలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఒకటే రొప్పు. ఆ నిమిషంలో చేయాల్సింది నోట్లోకి నీళ్ళు పోకుండా చూసుకోవడమే, కంగారుగా ఈదబోకండి. ఆ తర్వాత ఓ 10 నిమిషాలు కాళ్ళూ చేతులూ పనిచేస్తాయి. స్పృహ పోవడానికి గంట పట్టొచ్చు గానీ, వేళ్ళు వంగకపోతే ఆ గంట ఉండి ఏం లాభం?

నాకిది తెలిసొచ్చింది ఒక జనవరిలో. ఒడ్డున పేరుకున్న మంచు పలక మీద అడుగేశాను. పైకి సిమెంటు అరుగులా ఉంది, కిందంతా నీళ్ళు కోసేసి డొల్ల. ఫట్‌మని విరిగి నడుము దాకా దిగిపోయాను. బయటికి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, అసలు భయం కారు దగ్గర మొదలైంది. తాళం జాకెట్ లోపలి జేబులో ఉంది, దానికో చిన్న జిప్పు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వస్తున్నాయి కానీ ఆ జిప్పు తోకని నొక్కి పట్టుకునే బలం లేదు, పట్టిన ప్రతిసారీ జారిపోతోంది. చివరికి తల వంచి పళ్ళతో లాగాను. ఆ రోజు నుంచి నా ప్రతి జిప్పుకీ వేలు దూరేంత తాడు ముడి ఉంటుంది. షూ లేసు ముక్క చాలు, ఈ ఒక్కటి ఇవాళే చేసేయండి.

ఆ మంచు పలకల మీద నిలబడి కాస్ట్ చేయకండి (గాలం విసరకండి), రాళ్ళో ఇసకో కనిపించే చోటే దిగండి. వేడర్ (నీళ్ళలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు ప్యాంటు) బెల్టు బిగించకుండా నీళ్ళలో కాలు పెట్టొద్దు. వేడర్లలో నీళ్ళు నిండితే మనిషిని కిందికి లాగేస్తాయనేది అపోహ, కానీ ఆ నీళ్ళ బరువుతో ఒడ్డెక్కడం మహా కష్టం. చేతిలో ఊతకర్ర ఉండాలి. మోకాళ్ళ లోతు దాటొద్దనేది నా లెక్క. చలికాలం చేపలు లోతైన, నెమ్మది నీళ్ళలో ఉంటాయి, చాలాచోట్ల అంచు నుంచే అందుతాయి. ఫెల్ట్ సోల్ (మందపాటి బట్టలాంటి అడుగు ఉన్న) బూట్లకి మంచు ముద్దలు ముద్దలుగా అతుక్కుని గడ్డల మీద నడిచినట్టు ఉంటుంది, మేకులున్న రబ్బరు సోలే మేలు. డ్యామ్ కింది ఇరుకు లోయ చీజ్‌మన్ కాన్యన్‌కి దిగే గిల్ ట్రైల్ కాలిబాట నీడపట్టున మంచు గడ్డకట్టి గాజులా ఉంటుంది, బూట్లకి తొడుక్కునే ముళ్ళ చైన్లు పట్టుకెళ్ళండి.

నదిలో నీళ్ళు ఎంత పారుతున్నాయో చెప్పడానికి శ్రీశైలం గేట్ల వార్తల్లో వినే క్యూసెక్కులే ఇక్కడా లెక్క. బయల్దేరే ముందు ఆ ప్రవాహాన్ని కొలిచే గేజ్ రీడింగ్ ఆన్‌లైన్‌లో చూడండి. డ్యామ్ నుంచి నీళ్ళు పెంచితే పొద్దున దాటిన చోట మధ్యాహ్నం దాటలేకపోవచ్చు.

బట్టల్లో కాటన్ అసలు వద్దు, లోపలి బనియన్‌తో సహా. తడిస్తే ఆరదు, ఒంటి వేడంతా లాగేస్తుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి. సాక్సులు మూడు జతలు కుక్కితే వెచ్చగా ఉంటుందనుకుంటారు, నిజానికి బూటు బిగుసుకుని రక్తం ఆడక వేళ్ళు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. ఒకటే మందపాటి ఉన్ని జత, లోపల వేళ్ళు కదిలేంత ఖాళీ. కార్లో మొత్తం ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, ఫ్లాస్కులో వేడి టీ ఉండాలి. మందు ఒంట్లో వేడి పుట్టిస్తుందనే మాట నమ్మకండి, చర్మానికి రక్తం ఎక్కువ తోసి ఉన్న వేడి పోగొడుతుంది.

పొద్దున్నే లేచి పరిగెత్తాల్సిన పని లేదు. నీళ్ళు కాస్త వేడెక్కే 11 నుంచి 3 మధ్యే చేపలు కదులుతాయి, అవి తినే మిడ్జ్ అనే చిన్న పురుగులు లేచేదీ అప్పుడే. రాడ్ రింగుల్లో ఐస్ పట్టినప్పుడు లైన్ గుంజితే రాడ్ విరుగుతుంది. కొన నీళ్ళలో ముంచి వేళ్ళతో మెల్లగా తుడవండి, రీలు మాత్రం ముంచొద్దు.

చేపని నీళ్ళలోనే, నెట్‌లోనే ఉంచి గాలం తీయండి. ఆ చలిలో బయటికి ఎత్తితే మొప్పలు గడ్డకడతాయి. ఫొటో కోసం పది సెకన్లు కూడా వద్దు. కాన్యన్‌లో ఎలాగూ పట్టిన ప్రతి చేపనీ వదిలేయాలి. గులకరాళ్ళ మధ్య కడిగినట్టు తెల్లగా కనిపించే గుంటల మీద కాలు పెట్టకండి, శరదృతువులో బ్రౌన్ ట్రౌట్ పెట్టిన గుడ్లు అక్కడే ఉంటాయి.

పక్కవాడికి వణుకు వస్తుంటే కారెక్కించండి. మాట ముద్దగా వస్తున్నా, చేతిలోవి జారిపోతున్నా అంతే, "నేను బాగానే ఉన్నా" అన్నా వినకండి. తడి బట్టలు తీసేసి, పొడివి వేసి, ఛాతీకి వేడి తగలనివ్వండి. చేతులూ కాళ్ళూ రుద్దొద్దు. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే అది తగ్గడం కాదు, ముదరడం. వెంటనే 911.

డెక్కర్స్ దగ్గర చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. "లేటయితే ఫోన్ చేస్తాను" అని ఇంట్లో చెప్పకండి, కలవదు. కారు ఎక్కడ ఆపుతున్నారో, ఎన్నింటికి సిగ్నల్ ఉన్న చోటికి వస్తారో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఆ టైము దాటి ఎంతసేపటికి 911కి చెప్పాలో కూడా అందులోనే రాయండి.