బ్యాక్‌లింకుల పని మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

సైట్ సిద్ధమైంది, ఇక బయటి సైట్ల నుంచి మీ సైట్‌కు లింకులు (బ్యాక్‌లింకులు) తెచ్చుకోవాలి అనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• ర్యాంకు కోసం లింకులు కొనకండి. "నెలలో వెయ్యి బ్యాక్‌లింకులు" అనే ప్యాకేజీలన్నీ ఈ కోవలోవే. గూగుల్ నియమాల ప్రకారం అది స్పామ్. మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది చూసి వేసే శిక్ష) పడితే ర్యాంకు పడిపోవచ్చు, సైటే ఫలితాల్లోంచి మాయం కావచ్చు. ఆ తర్వాత ఒక్కో లింకూ తీయించి, మళ్లీ పరిశీలించమని గూగుల్‌ని అడగడం పెద్ద టెన్షన్. శిక్ష పడకపోయినా లాభం లేదు: 2022 డిసెంబర్ అప్‌డేట్ నుంచి గూగుల్ స్పామ్ పట్టే వ్యవస్థ స్పామ్‌బ్రెయిన్ అలాంటి లింకులను పట్టుకుని లెక్కలోంచి తీసేస్తోంది.

• ప్రకటన కోసం డబ్బిస్తే లింకు కోడ్‌లో స్పాన్సర్డ్ లేదా నోఫాలో అనే గుర్తు పెట్టించండి (ర్యాంకుకు లెక్కించొద్దని గూగుల్‌కి చెప్పేవి). అప్పుడది నియమాలకు విరుద్ధం కాదు.

• డొమైన్ అథారిటీ అంకె చూసి మురిసిపోవద్దు. అది సైట్ బలం మీద మోజ్ అనే సంస్థ వేసే లెక్క, గూగుల్ వేసే మార్కు కాదు. మీ విషయం మీదే రాసే చిన్న సైట్ లింకు నాకైతే ఎక్కువ నచ్చుతుంది. అక్కడి పాఠకులు నిజంగా నొక్కి వస్తారు.

• అన్ని లింకుల మీద కనిపించే మాటగా ఒకే కీవర్డ్ (జనం వెతికే పదం) వద్దు. అలాంటి లింకులున్న సైట్లకు 2012లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ కొట్టిన దెబ్బ గుర్తుందిగా!

• పేజీల చిరునామాలు మార్చారా? పాతవాటికి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకి వచ్చినవారిని కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. లేదంటే ఇప్పటికే ఉన్న లింకులు 404కి (పేజీ లేదనే సందేశానికి) పోతాయి. చాలామంది మరిచిపోయేది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే.

• డిసవో టూల్ (ఫలానా లింకులు లెక్కించొద్దని గూగుల్‌కి చెప్పే సాధనం) ఊరికే వాడకండి. పొరపాటున మంచి లింకులూ పోతాయి.