పాత రైఫిల్ బేరం: అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు

యాసంగి పల్లి గింజ పట్టే రోజులు రాగానే మా వైపు తుపాకీ బేరాలు మొదలవుతాయి. అడవి పందుల మంద రాత్రికి రాత్రే అర ఎకరం చేను దున్నేసి పోతుంది. తెల్లారి చేను చూసుకున్న రైతు ఆ కోపంలోనే ఫోను తీస్తాడు. ఫలానా దొరగారి ఇంట్లో పాత రైఫిల్ ఉందట, ఎంతైతే ఇవ్వవచ్చో చెప్పమంటాడు. అచ్చంపేట నుంచి దేవరకొండ దాకా ఇలాంటి ఫోన్లు నాకు చాలా వచ్చాయి. కోపంలో చేసే బేరంలో అమ్మేవాడు చెప్పిందే ధర. చేను ఇంకా పూత మీద ఉండగానే, తీరికగా చూసుకోవలసిన పని ఇది.

ముందు ఒక చేదు మాట. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంటను పాడుచేసే జంతువునైనా అటవీ శాఖ అధికారి అనుమతి ఉంటేనే చంపాలి. నారాయణపేట వైపు చేలల్లో పడే కృష్ణజింకల సంగతి మరీ కఠినం, అవి ఆ చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచు ఊళ్లవారు ఈ విషయంలో ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అనుమతి వచ్చే దారే లేదని తేలితే రైఫిల్ మీద పెట్టే డబ్బు కంచె మీద పెట్టండి. కరెంటు తీగ మాత్రం వద్దు, దానికి పందీ మనిషీ తేడా తెలియదు.

ఇప్పుడు కాగితాలు. తుపాకీ మీది నంబరూ లైసెన్సులో రాసిన నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. బోరు, అంటే గొట్టం లోపలి కొలత కూడా చూడండి. .315, .30-06 వంటివి మామూలు లైసెన్సు మీద దొరికేవి. .303 నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద ఉంచుకోరాదు, దాని బేరం ఎంత చవకగా వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. లైసెన్సుకు జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేసులోని యూఐఎన్ (ఒక్కో లైసెన్సుదారుకు ఇచ్చే గుర్తింపు) నంబరు ఉందా, గడువు మిగిలి ఉందా అని అడగండి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ కలెక్టరేటు ముద్ర ఉన్న లైసెన్సుదారు ఊరు ఇప్పుడు వనపర్తిలోనో, గద్వాలలోనో, నాగర్‌కర్నూలులోనో ఉండవచ్చు. నారాయణపేట అయితే 2019లో వేరుపడింది. పాత నల్లగొండలో సూర్యాపేట, భువనగిరి వైపు కూడా ఇదే కథ. ఫైలు ఏ కార్యాలయంలో ఉందో తేలకుండా అడ్వాన్స్ ఇస్తే మీరు కొన్నది రైఫిల్ కాదు, తిరుగుడు.

యజమాని చనిపోయిన ఇంట్లో మరీ జాగ్రత్త. లైసెన్సు ఆయనతోనే పోయింది. వారసులు ఆ తుపాకీని పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి ఉండాలి. ఇంటి అటకమీది నుంచి గోనెసంచిలో చుట్టి తెచ్చి చూపిస్తున్నారంటే, చూసిన మీరు కూడా చిక్కులో పడతారు. మీ వైపు లెక్క కూడా ఒకటి ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

కాగితాలు సరిపోతేనే తుపాకీ ముట్టుకోండి. ముట్టుకోగానే తూటాలుండే మ్యాగజైను తీసి, గొట్టం వెనుక మూతలాంటి బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబరులో కంటితో చూసి వేలు కూడా పెట్టండి. ఖాళీగానే ఉందని అమ్మేవాడు పదిసార్లు చెప్పినా సరే.

ఇక ధరంతా బ్యారెల్ (గొట్టం) లోపలే ఉంటుంది. జనం పైన మెరుపు చూసి మురిసిపోతారు, అక్కడే మోసపోతారు. బోల్టు పూర్తిగా బయటికి తీసి, గొట్టాన్ని పగటి వెలుతురు వైపు పెట్టి చూడండి. నూనె పట్టించి ఉంటే పొడి గుడ్డ లాగించిన తరువాతే చూడాలి, నూనె నిగనిగలో గుంటలు కనిపించవు. లోపలి మెలిక గీతల అంచులు పదునుగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉండాలి. చాంబరు దాటగానే ఉండే భాగం మొదట అరుగుతుంది, తూటా వేడి దెబ్బ అక్కడే ఎక్కువ. మూతి దగ్గర గీతలు ఒక పక్కకు అరిగి ఉంటే ఎవరో ఏళ్ల తరబడి శుభ్రం చేసే కడ్డీని వంకరగా తోశారని అర్థం. అలాంటి రైఫిల్ గురి నిలబడదు. గొట్టం లోపల నల్లని ఉంగరంలాంటి నీడ ఒకచోట కనిపిస్తే ఇంకేమీ చూడనక్కరలేదు. ఎప్పుడో మట్టో గుడ్డో అడ్డుపడి ఉండగా పేల్చారు, అక్కడ గొట్టం ఉబ్బింది. దాని ధర సున్నా.

చిన్న చిన్న గుంటలు వేరే విషయం. పాతకాలపు తూటాల ప్రైమరులో, అంటే మందును అంటించే అడుగు టోపీలో, పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది గొట్టంలో ఉప్పును వదిలేది. ఆ ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి ఆపైన నూనె రాసిన ఇంటి తుపాకీ నేటికీ అద్దంలా ఉంటుంది. నూనె గుడ్డ ఒక్కటి తిప్పి గోడకు తగిలించిన తుపాకీని మొదటి వానకాలమే కొరికేస్తుంది. లోతు లేని మచ్చలుంటే ధర తగ్గించుకుని కొనవచ్చు, గీతలనే తినేసిన గుంటలుంటే వద్దు. అన్నట్టు, తోలు సంచిలో ఏళ్ల తరబడి పెట్టారంటే మెచ్చుకోకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

బోల్టు మూసినప్పుడు దాని ముఖానికీ తూటా అడుగుకీ మధ్య సందు ఎక్కువైతే ప్రమాదం. దీన్ని కొలిచే గేజీలు పనిమంతుడైన ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర ఉంటాయి. ఆ తుపాకీలో పేలిన ఖాళీ తూటా ఒకటి అడిగి చూడండి. అడుగుకు కొంచెం పైన మెరిసే గీత చుట్టూ తిరిగి ఉంటే అనుమానించాలి. బోల్టు మీది నంబరు బాడీ నంబరుతో కలవకపోతే ఆ అనుమానం రెట్టింపు. కట్టె భాగంలో, బాడీ వెనుక కూర్చునే చోట, సన్నని పగులు కోసం గోరుతో తడమండి. పాలమూరు ఎండకు నూనె ఆరిన కట్టె అక్కడే చీలుతుంది. స్క్రూల గాడులు చెదిరి ఉంటే ఎవరో విప్పి కెలికారు. తుపాకీ మీద చెక్కిన అక్షరాలు అరిగిపోయినా పైరంగు మాత్రం కొత్తగా ఉంటే తుప్పును రుద్ది రంగు పూశారు.

నేను మొదట కొన్నది ఈ లోపాలేవీ లేని తుపాకీ. .275 బోరు ఇంగ్లిష్ రైఫిల్, గొట్టం వెన్నలా ఉంది. ‘‘ముందు తూటా బేరం చెయ్యి, తరువాత తుపాకీ బేరం చెయ్యి అల్లుడా’’ అని మా మేనమామ చెప్పాడు. వినలేదు. హైదరాబాదు దుకాణాలన్నీ తిరిగాక దొరికిన తూటాలతో మూడేళ్లలో పేల్చింది పదకొండు సార్లు. .315కూ .30-06కూ మన దేశంలోనే తూటాలు తయారవుతాయి, మిగతా బోర్ల దారి కష్టం. అందుకే పొలం పనికి కొనేవాడికి కొత్త .315 ఫ్యాక్టరీ ధరే కొలబద్ద. వాడిన .315 దానికి దగ్గరగా వచ్చిందంటే కొత్తదే కొనుక్కోవడం మేలు.

విదేశీ పేరున్న తుపాకుల లెక్క వేరు. 1980ల తరువాత దిగుమతి దాదాపు మూసుకుపోవడంతో వాటి ధర పనితనాన్ని బట్టి కాక కొరతను బట్టి పెరిగింది. గద్వాల, వనపర్తి సంస్థానాల పేరు చెప్పి, ఫలానా రాజావారు దీనితోనే పులిని కొట్టారని ముచ్చట్లు మొదలుపెడతారు. వినండి, టీ తాగండి, ముచ్చటకు మాత్రం పైసా కట్టకండి. అమ్మకపు రసీదో పాత లైసెన్సు పుస్తకమో చూపిస్తే అప్పుడు మాట్లాడదాం. మరీ పాతవాటి మీద నైట్రో ప్రూఫ్ ముద్ర, అంటే ఇప్పటి పొగలేని మందుకు పరీక్షించిన గుర్తు, లేకపోతే అవి పాతకాలపు నల్ల తుపాకీమందుకే పరీక్షించినవి కావచ్చు. వాటిలో ఇప్పటి తూటా వేయరాదు. గోడమీద అందంగా ఉంటాయి.

పరీక్ష పేరుతో చేనులో గాల్లోకి పేల్చవద్దు. నిర్లక్ష్యపు కాల్పులకు రెండేళ్ల దాకా జైలు ఉంది. డీలరు ద్వారా రేంజిలో, కూర్చుని, ఆనించి ఐదు తూటాలు కాల్చి చూడండి.

బేరం కుదిరాక కూడా తుపాకీ మీ ఇంటికి రాకూడదు. అమ్మేవారు తన ఉద్దేశాన్నీ, కొనేవారి పేరూ చిరునామానూ రాసి కలెక్టరుకో దగ్గరి పోలీసు స్టేషనుకో ఇవ్వాలి. ఆ తరువాత కనీసం 45 రోజులు గడవాలి. మీ లైసెన్సులో ఆ ఆయుధం నమోదయ్యే ఏర్పాటు ఈలోపు చూసుకోండి. అడ్వాన్స్ రసీదులో నంబరు, బోరు, బదిలీ కాకపోతే డబ్బు వాపసు అన్న మాట రాయించుకోండి. చివరిగా ఒక ప్రశ్న అడగండి, పోయిన ఎన్నికల కోడ్‌లో స్టేషనులో ఎన్ని నెలలు డిపాజిట్ చేశారు, తెచ్చుకున్నాక ఎప్పుడు శుభ్రం చేశారు అని. జవాబు తడబడితే బ్యారెల్‌ను మరోసారి వెలుతురు వైపు పెట్టండి.