పాత క్రీమ్ ఫ్లానెల్ ప్యాంటు మీదికి నేవీ బ్లేజర్

సూటులోంచి విడదీసిన ముదురు కోటు ఈ ప్యాంటుకు పనికిరాదు. ఆ నున్నటి మెరుపు వల్ల, సూటు ప్యాంటు దొరక్క ఈ క్రీమ్‌ది తొడుక్కున్నట్టుంటుంది. నేత గరుగ్గా కనిపించే హాప్‌సాక్ బ్లేజర్ తీసుకోండి.

ఫ్లానెల్ అంటే మెత్తటి ఉన్ని గుడ్డ, కాబట్టి ముందు ప్యాంటును వెలుతురుకు ఎత్తిపట్టి చిమ్మట కొట్టిన చిల్లులు చూడండి. నడుము బిగుతైతే వెనక కుట్టు విప్పి లూజు చేయించవచ్చు. కానీ లోపల మడతలో దాగిన గుడ్డ పసుపెక్కి ఉండదు, విప్పాక తెల్లటి చార బయటపడుతుంది. ప్యాంటు తిరగేసి రంగు ముందే పోల్చుకోండి.

కొత్త కోటు అంచును తడిపిన తెల్ల గుడ్డతో రుద్దండి. నీలం అంటితే, రేపు ప్యాంటు తుంటి దగ్గరా అంటుతుంది.

పాత ప్యాంటు బొడ్డు దాకా వస్తుంది కాబట్టి కోటు పిరుదులను పూర్తిగా కప్పాలి. పొట్టిదైతే మనిషంతా కాళ్లే! లోదుస్తులు తెల్లవైతే క్రీమ్ గుడ్డలోంచి కనిపిస్తాయి, ఒంటిరంగువి వేసుకోండి. బూట్లు గోధుమ రంగు స్వెడ్, అంటే నూగులా మెత్తగా ఉండే తోలువి.